నది కలిసే చోట పలచని మంచు

లాబ్రడార్ వెళ్ళొచ్చానంటే మావాళ్ళంతా ముందు కుక్కల గురించే అడిగారు. ఆ పేరుతో ఒక ప్రాంతం ఉందని, అది కెనడా తూర్పు అంచున అట్లాంటిక్ సముద్రాన్ని ఆనుకుని ఉంటుందని, చలికాలంలో గడ్డకట్టిన ఆ సముద్రమే అక్కడివాళ్ళకు రోడ్డని చెబితే నవ్వారు. ఆ రోడ్డు మీద నేను ప్రయాణం చేశాను. ఒకచోట అది నా కింద విరిగింది కూడా. ఇప్పటికీ నేనుండే వాటర్లూలో బస్‌స్టాప్ దగ్గర పేవ్‌మెంట్ మీది పలచని మంచు పెళపెళమంటే నా కాలు దానంతటదే ఆగిపోతుంది.

అప్పుడు నేను మాస్టర్స్ రెండో ఏడు చదువుతున్నాను. మనవాళ్ళు విమానాలకు విమానాలు దిగుతున్న రోజులవి. మా బేస్‌మెంట్‌లో ఆరుగురం అమ్మాయిలం ఉండేవాళ్ళం. ఒకరు వేర్‌హౌస్‌లో, ఇద్దరు కాఫీ షాపులో, మిగతావాళ్ళు దొరికిన చోట. చదివింది పర్యావరణ శాస్త్రం కాబట్టి నాకు డయాన్ దగ్గర పార్ట్‌టైమ్ పని దొరికింది. డయాన్ అరవై దాటిన మనిషి, నదుల నిపుణురాలు. తీరంలో అక్కడి ఆదివాసులైన ఇనుయిట్‌ల గ్రామం ఒకటి ఆమెను పెట్టుకుంది.

ఎందుకంటే, ఆ ఊరి దగ్గర సముద్రంలో కలిసే నది మీద, బాగా ఎగువన, ఇదివరకే ఒక డ్యామ్ ఉంది. కరెంటు కంపెనీ రెండోది కడతానంటోంది. కట్టే ముందు పర్యావరణ సమీక్ష, అందులో భాగంగా ఊళ్ళో బహిరంగ విచారణ జరగాలి. ఆ సమీక్షలో ఊరివాళ్ళు పాల్గొనడానికి ప్రభుత్వమే కొంత నిధి ఇస్తుంది. కంపెనీ నివేదికను చదివి చెప్పే మనిషికి, దుబాసీకి, పెద్దల రాకపోకలకు అందులోంచి ఖర్చు పెట్టుకోవచ్చు. నివేదిక నాలుగు లావు సంపుటాలు. మూడో సంపుటంలో ఒక వాక్యం ఉంది: 'నదీముఖం మీదుగా శీతాకాలంలో రాకపోకలు లేవు.' ఎవరూ నడవని చోట మంచు పలచబడితే నష్టం ఎవరికి? ఆ ఒక్క వాక్యంతో ఊరు లెక్కలోంచి పోయింది. అక్కడ దారి ఉందని చూపించడానికి మేం బయల్దేరాం. ఊరి పేరు రాయనని అక్కడ నాకు ఆశ్రయమిచ్చిన రోసీనాకు మాటిచ్చాను. మనుషుల పేర్లు కూడా మార్చాను.

గూస్ బేలో జారుడు

టొరంటోలో ఎక్కి, హాలిఫాక్స్‌లో మారి, లాబ్రడార్‌లోని గూస్ బేలో దిగేసరికి మార్చి నెల మధ్యాహ్నం మైనస్ ఇరవై నాలుగు. ముక్కులోని తడి గడ్డకట్టడం తెలుస్తుంది. ఊపిరి పీల్చినప్పుడల్లా లోపల సన్నగా సూదులు గుచ్చినట్టు. మర్నాడు పొద్దున చిన్న విమానం ఎక్కాలి. మోటెల్ ముందు టాక్సీ ఎక్కబోతూ డయాన్ జారిపడింది. పెద్ద చప్పుడు కూడా కాలేదు. చీలమండ విరిగింది.

ఆసుపత్రి మంచం మీదనుంచి నా చేతికి ఆమె జీపీఎస్ మిషను, మ్యాపుల గొట్టం, తను చదవాల్సిన ఆరు పేజీల కాగితం ఇచ్చింది. "నువ్వు వెళ్ళు. ఊళ్ళో తోబియాస్ అనే పెద్దాయన చూపించిన ప్రతి చోటూ ఇందులో గుర్తుపెట్టు. విచారణలో నేను రాసింది రాసినట్టు చదువు. దాటి ఒక్క మాట కూడా అనకు. ఏమడిగినా డయాన్ రాతపూర్వకంగా జవాబిస్తుందని చెప్పు."

"నాకు మంచు గురించి ఏమీ తెలియదు," అన్నాను.

"తోబియాస్‌కి తెలుసు," అంది ఆమె.

పద్దెనిమిది మంది పట్టే విమానం. పైలట్ వెనకే నా సీటు. మా కరీంనగర్ బస్సుల్లో డ్రైవర్ పక్కన కూర్చున్నట్టే ఉంది కానీ కింద చూస్తే తెలుపు తప్ప ఏమీ లేదు. చెట్లు తగ్గుతూ తగ్గుతూ ఆగిపోయాయి. గాలికి విమానం పక్కకు ఒరిగినప్పుడు పైలట్ ఒక చేత్తో శాండ్‌విచ్ తింటున్నాడు. ఆయన తింటున్నాడు కాబట్టి మేం చావబోమని నాకు నేను చెప్పుకున్నాను.

ఊళ్ళో

రోసీనా స్కీడూతో వచ్చి నన్ను ఎక్కించుకుంది. స్కీడూ అంటే మంచు మీద నడిచే మోటారు బండి. మనకు స్కూటర్ ఎలాగో అక్కడ అదలాగ. రోసీనాకు యాభై ఏళ్ళుంటాయి. ఊరి కమిటీ తరఫున ఆ నిధి పనులన్నీ ఆమే చూస్తుంది. దరఖాస్తులు, రసీదులు, గడువు తేదీలు అన్నీ వంటింటి బల్ల మీదే. ఊళ్ళో హోటల్ లేదు, వాళ్ళింట్లోనే నా మకాం.

కొట్టులో ఒక కాలీఫ్లవర్ పన్నెండు డాలర్లు. ద్రాక్షపళ్ళ ధర చూసి చేతిలోకి తీసుకున్న పొట్లం మళ్ళీ పెట్టేశాను. "అందుకే మేం నీళ్ళ దగ్గరికి వెళతాం," అంది రోసీనా. ఆ రాత్రి భోజనంలో పొగబెట్టిన చార్ చేప, సీల్ అనే సముద్ర జంతువు మాంసం. చేప వాసనకు మా సంతలో ఎండుచేపల అంగడి గుర్తొచ్చి ప్రాణం లేచొచ్చింది. సీల్ మాంసం నల్లగా, మేక కార్జం లాగా ఇనుము రుచి వేసింది. నేను తింటుంటే రోసీనా కూతురు మార్తా చూస్తూ కూర్చుంది. ఆమెకు ఏడో నెల. ఆమె కంచంలో ప్యాకెట్ నూడుల్స్ ఉన్నాయి.

"నీకు ఇష్టం లేదా?" అని అడిగాను.

"ఇష్టమే," అంది మార్తా. "డ్యామ్ వెనక అడవి మునిగితే నీళ్ళలో పాదరసం పెరుగుతుందని, అది చేపల్లోకి, సీల్‌లోకి వస్తుందని డయాన్ చెప్పింది. ఇప్పుడెంత ఉందో మాకెవరూ చెప్పలేదు. బిడ్డ పుట్టేదాకా ఆగుదామనుకున్నా."

రోసీనా సీల్ ముక్క ఒకటి కోసి కూతురి కంచం పక్కన పెట్టింది. భోజనం అయ్యేదాకా అది అక్కడే ఉంది.

తర్వాత తోబియాస్ వచ్చాడు. రోసీనాకు అన్న, డెబ్బై దాటినవాడు. తమ ఇనుక్టిటుట్ భాష మాట్లాడతాడు, ఇంగ్లీషు పొదుపుగా వాడతాడు. ఆయన్ని ఏమని పిలవాలో తెలియక తికమకపడుతుంటే రోసీనా, "ఊళ్ళో అందరూ అంకుల్ తోబియాస్ అంటారు. పెద్దవాళ్ళంతా మాకు అంకుల్, ఆంటీలే," అంది. మన పద్ధతే. అంత దూరంలో అది వింటే కొంచెం ధైర్యం వచ్చింది. ఆయన నా బూట్లు చేత్తో నొక్కి చూసి తల అడ్డంగా ఊపి, తన భార్య బూట్లు తెచ్చిచ్చాడు.

మంచు మీద

నిధి ఇచ్చే ఆఫీసు షరతు ఒకటుంది: మంచు మీదికి వెళితే కనీసం రెండు బళ్ళు వెళ్ళాలి. మొదట అసలు పెట్రోలుకే ఒప్పుకోలేదట. క్షేత్ర పరిశీలన కంపెనీ పని, ఊరివాళ్ళది చదివి స్పందించడమే అన్నారు. డయాన్ నాలుగు ఉత్తరాలు రాశాక ఒక్క రోజు ప్రయాణానికి మంజూరు చేశారు. ఆ రోజు పొద్దున రోసీనా బండి బెల్టు తెగింది. ఊళ్ళో మిగతా బళ్ళు కట్టెలకో వేటకో వెళ్ళిపోయాయి. మర్నాడు విచారణ.

రోసీనా ఆకాశం చూసింది, అన్నను చూసింది, నన్ను చూసింది. "వెళ్ళండి," అంది.

స్కీడూ వెనక తాడుతో కట్టిన పొడుగాటి చెక్క బండిని కొమాటిక్ అంటారు. దాని మీద పెట్టెలో నన్ను కూర్చోబెట్టి తోబియాస్ బయల్దేరాడు. తీరం వెనక్కి పోతుంటే నా గుండె చప్పుడు టోపీలో వినిపించింది. కింద ఎంత లోతుందని అడుగుదామనుకుని మానేశాను.

ఆయన చాలాసార్లు ఆగాడు. ఇనుప మొన ఉన్న గుంజతో మంచును పొడిచి, తల వంచి విని, నాకు చెప్పేవాడు. "ఇక్కడ సీల్ ఊపిరికి పైకొస్తుంది." మిషనులో గుర్తుపెట్టాను. "ఇక్కడ మా నాన్న గుడారం." గుర్తుపెట్టాను. నదీముఖానికి అడ్డంగా దారి స్పష్టంగానే ఉంది. నివేదిక లేవన్న రాకపోకల జాడలు మంచు మీద గీతలు గీతలుగా పడి ఉన్నాయి. అవతలి ఒడ్డున కట్టెలు, చేపల చెరువు. ఊరంతా అటే వెళుతుంది. మధ్యాహ్నానికి పదకొండు చోట్లు గుర్తుపెట్టాం. ఫ్లాస్కులో టీ, డబ్బా పాలు, గట్టి రొట్టె. ఆయన మొదటిసారి నవ్వాడు. నేనూ భయం సగం మరిచిపోయాను.

తిరుగు దారిలో ఎండ పోయి అంతా ఒకే తెలుపైంది. నేల ఎక్కడో, ఆకాశం ఎక్కడో తెలియలేదు. పొద్దున మేం వచ్చిన జాడ మీదే వెళుతున్నాం. తోబియాస్ ఉన్నట్టుండి బండి ఆపాడు. ముందున్న జాడ బూడిదరంగుకు తిరిగింది. బండి ఇంజను ఆగాక కింద నీళ్ళు పారుతున్న చప్పుడు వినబడింది. మెల్లగా, ఆగకుండా.

"కరెంటు," అన్నాడు ఆయన ఎగువకు చూపిస్తూ. "చలి ఎక్కువ. నీళ్ళు ఎక్కువ."

దక్షిణాన నగరాల్లో హీటర్లు వేసుకున్నప్పుడు డ్యామ్ ఎక్కువ నీళ్ళు వదులుతుంది. ఆ నీళ్ళు మంచును కిందనుంచి తింటాయి. ఇది డయాన్ కాగితాల్లో చదివాను. చదవడం వేరు.

ఆయన దిగి గుంజతో పొడిచాడు. రెండు పోట్లకు మంచు ఆగింది. మూడో పోటుకు గుంజ మొన లోపలికి దిగింది. ఆయన వెనక్కి అడుగులు వేసి బండెక్కి చాలా నిదానంగా తిప్పడం మొదలుపెట్టాడు. స్కీడూ తిరిగింది. నేనున్న కొమాటిక్ వెనక భాగం తిరగలేదు. కుండ పగిలిన చప్పుడైంది, పెట్టె ఒరిగింది, నేను నీళ్ళలో ఉన్నాను.

చలి అనిపించలేదు. ఎవరో ఛాతీ మీద బండరాయితో కొట్టినట్టనిపించింది. అరుద్దామంటే గొంతు రాలేదు. నడుము దాటి మునిగాను. కాళ్ళ కింద ఏమీ లేదు, ప్రవాహం బూట్లు పట్టుకుని మంచు కిందికి లాగుతోంది. అప్పుడు నాకొచ్చిన ఆలోచన రాయడానికి సిగ్గుగా ఉంది: నా స్టడీ పర్మిట్ సూట్‌కేసులో పెట్టానా, జేబులో పెట్టానా?

తోబియాస్ మంచు మీద బోర్లా పడుకుని గుంజ నా వైపు తోశాడు. "పట్టుకో. కాళ్ళు కొట్టు. ఈదు." పట్టుకున్నాను. కొట్టాను. అంచు విరిగింది, మళ్ళీ పట్టుకున్నాను, మళ్ళీ విరిగింది. మూడోసారి విరగలేదు. ఆయన పాకుతూ వెనక్కి లాగాడు. బయటికొచ్చాక నన్ను పొడిమంచులో అటూ ఇటూ దొర్లించాడు. ఆ మంచు బట్టల్లోని నీళ్ళు పీల్చుకుంటుందట. నాకు మాత్రం ఈ ముసలాయన ఎందుకిలా చేస్తున్నాడని ఏడుపొచ్చింది.

ఒడ్డున వేటగాళ్ళ చెక్క గుడిసె ఒకటుంది. అక్కడికి చేరేసరికి నా దవడలు నా మాట వినడం లేదు. తన కోటు, గుడిసెలో ఉన్న దుప్పటి ఇచ్చి ఆయన అటు తిరిగాడు. పొయ్యి ముందు కూర్చుని అగ్గిపుల్ల గీశాడు. అది విరిగింది. ఇంకొకటి గీశాడు. అదీ విరిగింది. అప్పుడు చూశాను, ఆయన చేతులు వణుకుతున్నాయి. ఆ వణుకు చలిది కాదు. నీళ్ళలో ఉన్నప్పటికంటే అప్పుడు ఎక్కువ భయపడ్డాను.

జీపీఎస్ మిషను నీళ్ళలో పోయింది. పదకొండు చోట్లూ దాంతోపాటే.

రోసీనా వంటింట్లో

ఆ చోటును దూరంగా చుట్టి తిరిగి ఇల్లు చేరాక రోసీనా నా పాదాలను గోరువెచ్చని నీళ్ళలో పెట్టించింది. వేళ్ళు తిరిగి ప్రాణం పోసుకుంటుంటే నిప్పుల మీద పెట్టినట్టు మండాయి. నర్సు వచ్చి చూసి, వేళ్ళు దక్కుతాయంది.

డయాన్‌కి ఫోన్ చేశాను. జరిగిందంతా చెప్పాను. "రేపు నువ్వేమీ చదవక్కర్లేదు. నేను వాయిదా అడుగుతాను," అందామె. వాయిదా ఇవ్వరని ఇద్దరికీ తెలుసు. "చదివితే మాత్రం ప్రమాదం సంగతి ఎత్తకు."

మా బేస్‌మెంట్‌లో నా పక్క మంచం హారికది, గుంటూరు అమ్మాయి. ఆమె వీడియో కాల్ చేసి నా మొహం చూసి ఏడ్చింది. ఏడుపయ్యాక, "ప్రాణాలతో ఉన్నావుగా, చాలు. నోరు మూసుకుని వచ్చెయ్యవే," అంది. "గవర్నమెంటు మీటింగులో కంపెనీకి ఎదురు మాట్లాడి, అది రికార్డులో ఎక్కితే, రేపు పర్మనెంట్ రెసిడెన్సీ ఫైల్‌లో ఏం చూస్తారో ఎవరికి తెలుసు? మనకెందుకే?"

"ఏమో, హారికా. నాకూ భయంగనే ఉంది," అన్నాను. నిజంగానే ఉంది. అటువంటి నియమం ఏదీ లేదని తెలిసినా ఉంది. మనలాంటి వాళ్ళకు ఈ దేశంలో ప్రతి కాగితమూ పలచని మంచే.

రోసీనా భయం వేరు. "ఒక్క బండి. షరతు తప్పాం," అంది గిన్నెలు తుడుస్తూ. "తెలిస్తే మిగతా నిధి ఆపేస్తారు. దుబాసీకి ఇంకా ఇవ్వలేదు. పాదరసం పరీక్షలకు ఊరివాళ్ళ జుట్టు పంపాలి. అదంతా ఆ డబ్బే. నేనే పంపించాను మిమ్మల్ని."

తోబియాస్ తలుపు దగ్గర నిలబడి విన్నాడు. తమ భాషలో ఏదో అన్నాడు. రోసీనా గట్టిగా జవాబిచ్చింది. ఆయన గొంతు పెంచలేదు. రెండు మాటలు చెప్పి వెళ్ళిపోయాడు.

"ఏమన్నారు?" అని అడిగాను.

"దాచిపెడితే ఆ దారిన రేపు ఇంకొకరు పోతారన్నాడు." ఆమె తుడిచిన గిన్నెనే మళ్ళీ తుడిచింది.

బడి జిమ్‌లో

విచారణ బడిలోని బాస్కెట్‌బాల్ హాల్లో. బల్ల వెనక ముగ్గురు సభ్యులు. ప్రతి కుర్చీ మీదా చెవులకు పెట్టుకునే యంత్రం, దుబాసీ మాటలు వినడానికి. వెనక టీ, బిస్కట్లు.

నేను ఏడో తరగతిలో ఉండగా మా బడి ఆవరణలో ఇలాంటిదే ఒకటి చూశాను. రిజర్వాయర్ కోసం ప్రజాభిప్రాయ సేకరణ. మాకు సెలవిచ్చారు. షామియానా, పోలీసులు, మైకు. నివేదిక ఇంగ్లీషులో ఉంది, దారంతో బల్లకు కట్టేసి ఉంది. చదివి చెప్పేవాళ్ళు లేరు. మా మేనమామ మైకు దగ్గరికి వెళ్ళి తన పొలం సర్వే నంబరు చెప్పి ఆగిపోయాడు. ఇంకేం చెప్పాలో ఆయనకు తెలియలేదు. ఊరికి చదువరిని పెట్టుకోవడానికి డబ్బిస్తారంటే అప్పుడు ఎవరూ నమ్మేవాళ్ళు కాదు. ఇక్కడ ఇస్తారు. ఇచ్చిన చేత్తోనే షరతులూ రాస్తారు. అయినా ఇక్కడ నాలుగు సంపుటాలనూ ఊరి తరఫున ఒకరు చదివారు. ఆ తేడా చిన్నది కాదు.

తోబియాస్ మాట్లాడాడు. దారి గురించి, గుడారం గురించి, చప్పుడు గురించి. కంపెనీ ఇంజనీరు నెమ్మదస్తుడు, మర్యాదగానే అడిగాడు: "మీ అనుభవం మీద గౌరవం ఉంది. కానీ ఈ స్థలాల కొలతలు ఏవైనా ఉన్నాయా?"

లేవు. నీళ్ళలో ఉన్నాయి.

నా వంతొచ్చింది. డయాన్ కాగితం చదివాను. ఆరో పేజీ పూర్తయింది. కూర్చోవచ్చు. మోకాళ్ళు వంగాయి కూడా.

"ఇంకొక మాట చెప్పాలి," అన్నాను. "నేను నిపుణురాలిని కాదు, విద్యార్థిని. నిన్న మధ్యాహ్నం నదీముఖం దాటుతుంటే మంచు విరిగి నీళ్ళలో పడ్డాను. పొద్దున అదే జాడ మీద వెళ్ళాం. కొలతలున్న మిషను అక్కడే మునిగింది. ఆ దారిలో రాకపోకలు లేవని మీ నివేదికలో ఉంది. నేను ఆ దారిలోనే వెళ్ళాను."

దుబాసీ గొంతు ఒక్కటే నా వెనక ఒక వాక్యం ఆలస్యంగా వస్తోంది. అది పూర్తికాగానే ముసలివాళ్ళ వరసలో ఒకావిడ చేత్తో నోరు మూసుకుంది.

అధ్యక్షురాలు కళ్ళద్దాలు తీసింది. "ఎన్ని బళ్ళు వెళ్ళాయి?"

పక్కనుంచి రోసీనా చేయి వచ్చి మైకును తన వైపు లాక్కుంది.

"ఒకటే," అంది. "రెండోది నాది, పాడైంది. వెళ్ళమని చెప్పింది నేను. రాసుకోండి."

తిరుగు ప్రయాణం, ఆ తర్వాత

మర్నాడు గాలి. రెండు రోజులు విమానం రాలేదు. కిటికీ దగ్గర కూర్చుని మార్తాతో పేకాడాను. మూడో రోజు విమానం లేచి నదీముఖం మీదుగా మలుపు తిరిగింది. కింద మంచు మీద నల్లటి చుక్కల వరస కనిపించింది. దారి గుర్తుగా పాతిన స్ప్రూస్ చెట్ల కొమ్మలు. పాత దారికి దూరంగా, చాలా పెద్ద వంపు తిరిగి కొత్త దారి. చివరి కొమ్మ దగ్గర ఒక స్కీడూ, ఒంటరి మనిషి. ఎవరి నిర్ణయం కోసమూ ఆగకుండా తోబియాస్ గుర్తులు నాటుతున్నాడు. నేను చేయి ఊపాను. ఆయనకు కనిపించి ఉండదు.

రోసీనా భయపడినట్టే జరిగింది. షరతు తప్పినందుకు నిధి వేసవి చివరిదాకా ఆపేశారు. దుబాసీకి ఇవ్వడానికి ఊరివాళ్ళు రేడియోలో హౌసీ ఆట పెట్టారు. అనౌన్సరు అంకెలు చదువుతుంటే ఇళ్ళల్లో కూర్చుని కొట్టేసుకుంటారట. జుట్టు పరీక్షలు వెనకబడ్డాయి. మార్తా బిడ్డ ఆ ఫలితాలు రాకముందే పుట్టాడు. బాగున్నాడు. డయాన్ నాతో రెండు వారాలు ముభావంగా ఉండి, మూడో వారం కొత్త పని ఇచ్చింది. నా ఫైల్‌లో ఎవరూ ఏమీ చూడలేదు, లేదా చూసి ఊరుకున్నారు. ఆ సంగతి నాకెప్పటికీ తెలియదు.

డిసెంబర్‌లో సమీక్ష సభ్యుల నివేదిక వచ్చింది. డ్యామ్ వద్దనలేదు. కానీ ఊరివాళ్ళతో కలిసి రెండు చలికాలాలు మంచును కొలిచాకే ముందుకెళ్ళాలన్నారు. ఆ కొలతలకు అయ్యే ఖర్చు, బళ్ళతో, పెట్రోలుతో సహా, ఊరికి ముందే ఇవ్వాలన్నారు. మూడో సంపుటంలోని ఆ వాక్యం కొట్టేసి, 'నదీముఖం మీదుగా శీతాకాలపు దారి వాడుకలో ఉంది' అని రాశారు.

రోసీనాకు ఫోన్ చేసి ఆ వాక్యం చదివాను. ఆమె రెండుసార్లు చదివించుకుంది. తర్వాత తోబియాస్‌కి ఫోన్ ఇచ్చి, తమ భాషలో చెప్పింది. అటువైపు ఆయన ఊపిరి వినిపించింది.

"అంకుల్, విన్నారా?" అన్నాను.

"విన్నా," అన్నాడు. "కొలవడానికి మంచు కావాలి. ఇప్పుడు కిటికీలోంచి చూస్తున్నా. ఈపాటికి గడ్డకట్టాలి. ఇంకా నీళ్ళే ఉన్నాయి."